నడక సాక్ష్యం చెప్పగలదా?

సాయంసంధ్య వేళ గరివిడి రైల్వేస్టేషనులో పాసింజరు బండి దిగి వచ్చేవారిని కొంచెం దూరం నుంచి గమనించండి. వెలుగు చాలదు. ముఖాలు పోల్చుకొనే వీలుండదు. అయినా బయట నిలిచిన పిల్లవాడొకడు "అదుగో మా నాన్న!" అని ఎదురు పరుగెత్తుతాడు. వాడు తండ్రి ముఖాన్ని చూడలేదు, నడకను చూచినాడు. సంచి బరువుకు ఒరిగిన భుజం, చేతుల ఊపు, మడమ నేలకు తాకే తీరు, అడుగుకూ అడుగుకూ మధ్య ఎడం ఇవన్నీ కలిసి వానికి ఒక పేరును అందించినవి. ఈ శక్తి మనందరికీ ఉన్నదే. మెట్ల మీద చప్పుడు విని, వస్తున్నది ఎవరో చెప్పగల ఇల్లాండ్రు ప్రతి ఇంటిలోనూ ఉన్నారు.

ఇంతకాలం మనిషి కంటికీ చెవికీ పరిమితమైన ఈ విద్యను ఇప్పుడు యంత్రాలకు నేర్పుతున్నారు. వీథిలోని కెమెరా తీసిన వీడియోలో ముఖం కనిపించకపోయినా, నడిచే తీరును బట్టి ఆ వ్యక్తి ఎవరో కంప్యూటరు చేత చెప్పించే ప్రయత్నమే నడక గుర్తింపు. మేము తెలుగు బోధించేవారము. యంత్రశాస్త్రం మా విషయం కాదు. అయినా ఈ అంశాన్ని ఎత్తుకొనుటకు ఒక కారణం ఉన్నది.

కొంతకాలం క్రిందట మేము నివసించే వీథిలో ఒక కిరాణా దుకాణంలో రాత్రివేళ దొంగతనం జరిగినది. ఎదురింటి కెమెరాలో ఒక మనిషి కనిపించినాడు. ముఖానికి తువ్వాలు చుట్టుకొన్నాడు. ఎడమకాలు కొద్దిగా ఈడ్చి నడుస్తున్నాడు. ఆ వీడియో ఫోనులలో చేతులు మారినది. తెల్లవారేసరికి నలుగురు ఒకే మాట అన్నారు: "ఆ నడక ఫలానా అబ్బాయిదే." ఆ అబ్బాయి మా విద్యార్థి. ఆటలో మోకాలికి దెబ్బ తగిలి అప్పటికి కొన్ని నెలలుగా ఎడమకాలు ఈడ్చి నడుస్తున్నమాట నిజమే. రెండు రోజులు అతనిని పిలిపించి ప్రశ్నించినారు. ఆ రాత్రి అతడు బొబ్బిలిలో బంధువుల ఇంట నికాహ్ విందులో వడ్డన చేస్తూ ఉన్నాడని ఆ పెళ్ళి వీడియోయే తేల్చినది. ఒక వీడియో పట్టించినది, ఇంకొక వీడియో విడిపించినది. కాని విడిపోయిన తరువాత అతడు మమ్ములను అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ మా చెవులలో ఉన్నది: "మాస్టారూ, నా నడక దొంగ నడకలా ఉంటుందా?"

ఆ ప్రశ్నకు సరియైన సమాధానం వెదకుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటలలో నడక

మొదట మాకు తెలిసిన దారినే నడుస్తాము. తెలుగులో నడక, నడత, నడవడి ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. కాళ్ళు వేసే అడుగుకూ మనిషి గుణానికీ మన భాష ఒకే పేరు పెట్టినది. ఉర్దూలోనూ ఇదే తీరు. చాల్ అంటే నడక. చాల్‌చలన్ అంటే నడవడి. అదే చాల్ అన్న మాటకు పన్నాగమనీ, చదరంగంలో ఎత్తు అనీ కూడా అర్థమున్నది. మన ప్రబంధకవులు నాయికను హంసగమన, గజగమన, మందయాన అని పిలిచినారు. గజల్ కవులు ప్రేయసి ఒయ్యారపు నడకకు ఖిరామ్ అని ప్రత్యేకంగా పేరు పెట్టి మురిసిపోయినారు. ఖుర్ఆను షరీఫులో లుఖ్మాన్ తన కుమారునికి చెప్పిన హితవులలో నడకయందు మితం పాటించుమన్నది ఒకటి. నడకను చూచి మనిషిని అంచనా కట్టే అలవాటు ఇంత పాతది. కనుకనే అది ఇంత ప్రమాదకరమైనది కూడా. కాలు ఈడ్చేవానికి నడక వంకర అంటే సరిపోతుంది. మనం తొందరపడి నడత వంకర అనేస్తాము.

నడకను బట్టి మారువేషంలోని మనిషిని పోల్చిన ఘట్టం భారత విరాటపర్వంలో ఉన్నది. ఉత్తరగోగ్రహణ సమయంలో భయపడి పారిపోతున్న ఉత్తరకుమారుని పట్టుకొనుటకు బృహన్నల రథం దిగి వెంట పరుగెత్తినాడు. పొడవైన జడ, ఎర్రని వస్త్రాలు గాలికి ఎగురుతుంటే చూచి కౌరవసైనికులు కొందరు నవ్వినారు. కాని అక్కడివారిలోనే ఒక అనుమానం తలయెత్తినది. వేషం స్త్రీది వలె ఉన్నది గాని ఆ శిరస్సు, ఆ మెడ, ఆ బాహువులు, ఆ అడుగు అర్జునునివి కావా? అయితే ఆ అనుమానం అప్పటికి అనుమానంగానే నిలిచినది. తరువాత శంఖధ్వని, రథఘోష విన్నపుడు ద్రోణుడు, ఇతడు సవ్యసాచి తప్ప వేరొకడు కాడని రూఢిగా చెప్పినాడు. అడుగు అనుమానాన్ని పుట్టించినది. శంఖం నిర్ధారణ చేసినది. ఈ భేదాన్ని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. మున్ముందు మనకు పదే పదే పనికి వస్తుంది.

పద్యానికి కూడా పాదాలున్నవి. పద్యానికి కూడా నడక ఉన్నది. ఆ నడకను చూచి కవిని చెప్పగలమని పండితులకు నమ్మకం. క్రీడాభిరామం సంగతి చూడండి. గ్రంథంలో కర్తగా వినుకొండ వల్లభరాయని పేరు ఉన్నది. పద్యాల నడక శ్రీనాథునిది వలె ఉన్నదని, కనుక అది శ్రీనాథుని రచనయే అని కొందరు పండితులు వాదించినారు. కాదని మరికొందరు వాదించినారు. ఇంతకాలమైనా ఆ వివాదం పూర్తిగా తీరలేదు. ఎదుట నిలిచి ఉన్న పద్యం నడకనే పట్టుకొని తీర్పు చెప్పలేకపోతే, చీకటిలో ఆరు క్షణాలు కనిపించిన మనిషి నడకను పట్టుకొని తీర్పు ఎట్లు చెప్పగలము?

యంత్రం నడకను ఎట్లు చదువుతుంది

ఇక యంత్రం సంగతి. 1973లో స్వీడను దేశానికి చెందిన మనస్తత్వశాస్త్రజ్ఞుడు గున్నార్ యొహాన్‌సన్ ఒక చక్కని ప్రయోగాన్ని ప్రకటించినాడు. మనిషి భుజాలు, మోచేతులు, తుంటి, మోకాళ్ళు, చీలమండలు మొదలైన కీళ్ళ దగ్గర వెలుగు చుక్కలు అమర్చి, చీకటిలో నడిపించి చిత్రం తీసినాడు. మనిషి కదలకుండా నిలిచినపుడు చూచేవారికి అవి వట్టి చుక్కలే. నడక మొదలుపెట్టగానే, ఇది మనిషి నడక అని వెంటనే పోల్చినారు. 1977లో అమెరికాలో కటింగ్, కొజ్లోవ్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పద్ధతిని స్నేహితులపై ప్రయోగించినారు. ఒకరినొకరు ఎరిగిన ఆరుగురి నడకను చుక్కలుగా చూపి, ఎవరు ఎవరో చెప్పుమన్నారు. గుడ్డిగా ఊహిస్తే ఆరింట ఒకటి సరిపోవలెను. వారు దానికి రెండింతల పైచిలుకు సరిగా చెప్పగలిగినారు. అయినా సగం కూడా సరిగా చెప్పలేకపోయినారు. నడకలో గుర్తు ఉన్నది, కాని పూర్తిగా లేదు. ఈ రెండు సత్యాలూ ఆ ప్రయోగంలోనే బయటపడినవి.

కంప్యూటరుతో నడకను గుర్తింపజేసే యత్నాలు 1990లలో మొదలైనవి. పద్ధతి స్థూలంగా ఇది. వీడియో అంటే వరుసగా తీసిన నిశ్చలచిత్రాల మాలయే. సెకనుకు 25 చిత్రాలని అనుకొందాము. యంత్రం ప్రతి చిత్రంలోనూ కదలని గోడను, రోడ్డును తొలగించి, కదిలే మనిషి ఆకారాన్ని మాత్రం ఒక నీడబొమ్మగా కత్తిరిస్తుంది. మన ప్రాంతంలో తోలుబొమ్మలాట చూచినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. తెర మీద రంగు, ముఖకవళిక లేకుండా నీడ ఒక్కటే మిగిలితే ఎట్లుంటుందో ఇదీ అట్లే. కుడిమడమ నేలకు తాకినది మొదలు తిరిగి అదే మడమ తాకేవరకు ఒక నడక చక్రం. పెద్దవారికి సామాన్యంగా దీనికి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులోని 25 నీడబొమ్మలను ఒకదానిపై ఒకటి పరచి సగటు తీస్తే ఒక మసక చిత్రం వస్తుంది. కదలని తల, మొండెం అందులో తెల్లగా, గట్టిగా ఉంటవి. ఊగే చేతులు, కాళ్ళు పొగవలె పలచగా ఉంటవి. 2006లో హాన్, భాను అనే పరిశోధకులు ఈ సగటు చిత్రాన్ని వాడే పద్ధతిని ప్రకటించిన తరువాత అది బాగా వ్యాప్తిలోనికి వచ్చినది. ఇటీవలి పద్ధతులు అనేకవేల నడకలను యంత్రానికి చూపి, ఏ తేడాలను పట్టించుకొనవలెనో దానిచేతనే నేర్పించుకొంటున్నవి.

చివరకు యంత్రం ఇచ్చేది పేరు కాదు. ఒక పోలిక సంఖ్య. ఈ నడకకూ మన దగ్గర ఉన్న ఆ నడకకూ ఎంత దగ్గరితనమున్నదో ఆ సంఖ్య చెప్తుంది. ఎంత దగ్గరగా ఉంటే 'వీడే' అనవలెనో హద్దు గీసేవాడు మనిషి. హద్దును సడలిస్తే అమాయకులు చిక్కుకొంటారు. బిగిస్తే దోషి తప్పించుకొంటాడు. రెండు తప్పులూ ఒక్కసారిగా సున్న అయ్యే హద్దు లేదు.

పోలిక ఎక్కడ తప్పుతుంది

ఈ శాస్త్రానికి ప్రసిద్ధమైన పరీక్షాసామగ్రి ఒకటి చైనా విజ్ఞానశాస్త్ర అకాడమీ వారు తయారుచేసిన కాసియా-బి అనే వీడియో భాండాగారం. అందులో 124 మంది ఉన్నారు. ఒక్కొక్కరిని 11 కోణాల నుంచి, మామూలుగా నడిచినపుడు, సంచి పట్టుకొని నడిచినపుడు, పైకోటు తొడుగుకొని నడిచినపుడు చిత్రించినారు. 2019లో ప్రకటితమైన గెయిట్‌సెట్ అనే పద్ధతి, మామూలు నడకలో ఇంచుమించు నూటికి 95 మందిని సరిగా గుర్తించినది. సంచి పట్టుకొనగానే అది 87కు దిగినది. కోటు తొడుగుకొనగానే 70కి పడిపోయినది. తరువాతి పద్ధతులు ఈ అంకెలను పెంచినవి గాని, బట్ట మారితే పోలిక ఎక్కువగా తప్పుతుందన్న వరుస మాత్రం మారలేదు. 2022లో ఒక పెద్ద బజారు దుకాణంలో 39 కెమెరాలతో 4,000 మంది సహజమైన నడకలను తీసి గెయిట్3డి అనే భాండాగారాన్ని తయారుచేసినారు. ప్రయోగశాలలో 95 తెచ్చుకొన్న పద్ధతికే అక్కడ సగం మార్కులు కూడా రాలేదు. మనుష్యులు అక్కడ గీత గీసినట్లు నడవరు. ఆగుతారు, వెనుకకు తిరుగుతారు, బండి తోస్తారు, ఒకరికొకరు అడ్డం వస్తారు.

ఈ అంకెలను మన ప్రాంతపు సంతకు తెచ్చి చూడండి. తలపై గంప పెట్టుకొన్న స్త్రీ చేతులు ఊగవు. ఒక చేయి గంపను పట్టుకొని ఉంటుంది, మెడ బిగిసి ఉంటుంది. కావడి మోసేవాడు బరువు ఊపుకు తగినట్లు పరుగువంటి నడక నడుస్తాడు. వరిగట్టు మీద నడిచేవాడు ఒక కాలి ముందు ఒక కాలు పెట్టి నడుస్తాడు. అదే మనిషి తారురోడ్డు ఎక్కితే వేరే నడక. కొలిమి దగ్గర బరువైన బూట్లతో పనిచేసేవాడు ఇంటికి చెప్పులతో వెళ్ళేటప్పుడు వేరొక మనిషి వలె అగుపిస్తాడు. చీర, బురఖా, లుంగీ కాళ్ళ మధ్య ఎడాన్ని కప్పివేస్తవి. నీడబొమ్మలో రెండు కాళ్ళూ ఒకే గంటవలె కలిసిపోతవి. గర్భిణి నడక నెలనెలకూ మారుతుంది. ఉపవాసపు సాయంత్రం నడక, ఇఫ్తార్ తరువాతి నడక ఒకటి కావు. యంత్రానికి ఏ నడకలు చూపి నేర్పినారో వాటినే అది బాగా చదువుతుంది. ప్రపంచంలో పెద్దవని పేరుపొందిన నడక భాండాగారాలలో ఒకటి జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయం 2018లో ప్రకటించినది. అందులో 10,307 మంది ఉన్నారు. గొప్ప కృషియే. కాని గంపలూ కావళ్ళూ మోసే మన నడకలను చదువవలెనంటే యంత్రానికి మన నడకలతోనే పరీక్ష పెట్టవలసి ఉన్నది.

ఇంకొక చిక్కు లెక్కలోనే ఉన్నది. ఊహించిన లెక్కయే అయినా విద్యార్థులు కాగితం మీద వేసి చూడవలెను. విజయనగరంలో దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. ఆ జనంలో ఒక లక్షమంది ఒక కెమెరా ముందు నుంచి నడిచిపోయినారని, వారిలో ఒక దొంగ ఉన్నాడని అనుకొందాము. మన యంత్రం చాల మంచిది. నిర్దోషులలో నూటికి ఒక్కరినే పొరపాటున దొంగ అంటుంది. అట్లయితే అది ఒక దొంగతోపాటు ఇంచుమించు 1,000 మంది అమాయకులను చూపుతుంది. 'నూటికి 99 పాళ్ళు సరియైన యంత్రం' చూపిన మనిషి దొంగ కావడానికి ఉన్న అవకాశం వేయింట ఒకటి మాత్రమే. మా విద్యార్థి విషయంలో వీథివారు చేసిన పొరపాటు సరిగా ఇదే. వారు ఎడమకాలు ఈడ్చేవారు ఈ చుట్టుప్రక్కల ఎందరున్నారని లెక్కించలేదు. తమకు తెలిసిన ఒక్కనినే చూచినారు.

న్యాయస్థానంలో నడక

నడక న్యాయస్థానం మెట్లెక్కి పాతికేళ్ళు దాటినది. 2000 సంవత్సరంలో లండనులోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో హేడన్ కెల్లీ అనే పాదవైద్యుడు, దోపిడీ వీడియోలో కనిపించిన ముసుగు మనిషి నడకను నిందితుని నడకతో పోల్చి సాక్ష్యం చెప్పినాడు. ఆ తరువాత ఇటువంటి సాక్ష్యాలు ఇంకా వచ్చినవి. అయితే 2017లో లండను రాయల్ సొసైటీ, ఎడింబరో రాయల్ సొసైటీ కలిసి న్యాయమూర్తుల కొరకు ఒక చిన్న గ్రంథాన్ని వెలువరించి, ఈ సాక్ష్యానికి ఉన్న శాస్త్రీయమైన ఆధారం చాల పరిమితమని హెచ్చరించినవి.

మన పొరుగున బెంగుళూరులో 2017 సెప్టెంబరు 5న పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను ఆమె ఇంటి ముందే కాల్చి చంపినారు. కెమెరాలో చిక్కిన మనిషి హెల్మెట్ ధరించి ఉన్నాడు. దర్యాప్తు బృందం గుజరాత్‌లోని గాంధీనగర్ ప్రయోగశాల సహాయం తీసికొని, ఆ నడకను అనుమానితుని నడకతో పోల్పించినదని పత్రికలలో వచ్చినది. అటువంటి ఘోరంలో ముఖం కనిపించలేదు కాబట్టి చేతులు ముడుచుకొని కూర్చొనుమని ఎవరూ అనరు. నడకను కూడా చూడవలసినదే. అయితే నడకను మాత్రమే చూడరాదు.

వ్రేలిముద్రలతో పోల్చి చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. వ్రేలిముద్రల శాస్త్రం పెరిగినది మన దేశపు నేల మీదనే. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయం ఏర్పడినది. హెన్రీ పద్ధతి అని లోకం పిలిచే వర్గీకరణకు గణితం సమకూర్చినవాడు ఖాజీ అజీజుల్ హఖ్ అనే యువ ఉద్యోగి. ఆయన ముద్రలను 1,024 అరలలో పంచే లెక్కను రూపొందించినాడు. ఆయనతోపాటు హేమచంద్ర బోసు కృషి చేసినాడు. పేరు మాత్రం చాలకాలం దొరగారికే దక్కినది. వ్రేలిముద్ర పుట్టుకతో వచ్చి చివరివరకు నిలుస్తుంది; బూటు మార్చినా, ముల్లు గ్రుచ్చుకొన్నా అది మారదు. నడక అట్టిది కాదు. అది చేవ్రాలు వంటిది. ఆరోగ్యాన్ని బట్టి, తొందరను బట్టి, మనస్సును బట్టి మారుతుంది. కావలెనంటే మార్చుకొనవచ్చును కూడా.

మన చట్టాలు ఈ విషయంలో ఏమంటున్నవి? 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం వచ్చినది. వ్రేలిముద్రలు, అరచేతి ముద్రలు, పాదముద్రలు, ఛాయాచిత్రాలు, కనుపాపల చిత్రాలు, చేవ్రాలు, దస్తూరి వంటి ప్రవర్తనా లక్షణాలు తీసికొనుటకు అది వీలు కల్పించినది. అందులో పాదముద్ర పేరు ఉన్నది. నడక పేరు విడిగా లేదు. 2024 జూలై 1 నుంచి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 39వ సెక్షను నిపుణుల అభిప్రాయాన్ని స్వీకరింపనిస్తుంది. 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం ఉండవలెనంటుంది. నిపుణుడు చెప్పేది అభిప్రాయం. తీర్పు చెప్పవలసినది న్యాయమూర్తి. వీథిలో ఫోను పట్టుకొని నిలిచిన మనం ఈ ఇద్దరిలో ఎవరమూ కాము.

నడకలో దాగిన ఇతర సంగతులు

నడకలో పేరు ఒక్కటే లేదు. పశువుల సంతలో ఎద్దును కొనే రైతు దాని కొమ్ములు చూచి ఊరుకొనడు, నడిపించి చూస్తాడు. నడిపిస్తే గిట్టలోని నొప్పి, తుంటిలోని లోపం బయటపడతవి. మన గరివిడిలోని పశువైద్య కళాశాల విద్యార్థులకు ఇది పాఠం. మనిషి నడక కూడా అట్లే రోగాన్ని చెప్తుంది. పక్షవాతం, కంపవాతం, మోకాళ్ళ అరుగుదల, మద్యపానం అన్నీ నడకలో కనిపిస్తవి.

ఈ విషయం మన ప్రాంతానికి మరింత దగ్గరిది. 1892లో ఈ జిల్లాలోని కోడూరు దగ్గర మాంగనీసు త్రవ్వకం మొదలైనది. చీపురుపల్లి, గరివిడి, గర్భాం పరిసరాలు ఆ ఖనిజానికి పేరుపొందినవి. గరివిడి పేరు ఫేకర్ కర్మాగారంతో దేశమంతటా వినిపించినది. మాంగనీసు మంచి లోహం. అది లేనిదే ఉక్కు లేదు. కాని దాని ధూళిని ఏళ్ళ తరబడి ఎక్కువగా పీల్చినవారికి నరాల జబ్బు రావచ్చునని వైద్యశాస్త్రం చెప్తున్నది. 1837లో స్కాట్లండులో కూపర్ అనే వైద్యుడు మాంగనీసు ఖనిజాన్ని నూరే పనివారిలో ఈ జబ్బును తొలిసారిగా వర్ణించినాడు. దాని గుర్తులలో ఒకటి నడక మారుట. మునివ్రేళ్ళ మీద నడిచే ఆ తీరును వైద్యులు కోడిపుంజు నడక అన్నారు. ఇక్కడివారికి ఆ జబ్బు ఉన్నదని మేము అనుట లేదు. మేము చెప్పదలచినది ఇది: కార్మికుని నడకను గేటు దగ్గర వీడియో తీసేవారు, కావాలనుకొంటే, అతని పేరుతోపాటు అతని ఆరోగ్యాన్ని కూడా చదువగలరు. ఆ సంగతి వైద్యుని చేతికి వెళితే అతనికి మందు దొరుకుతుంది. అదే సంగతి అతనికి తెలియకుండా ఇతరుల చేతికి వెళితే అతని ఉద్యోగం పోవచ్చును.

ఇక్కడ అనుమతి ప్రశ్న వస్తుంది. వ్రేలిముద్ర వేయవలెనంటే వ్రేలు చాచవలెను. నడకకు ఎవరూ మనలను అడుగరు. దూరం నుంచి, మనకు తెలియకుండా దానిని తీసికొనవచ్చును. హైదరాబాదులో ముఖం విషయమై ఇటువంటి వివాదమే న్యాయస్థానానికి వెళ్ళినది. 2021 మే నెలలో, కరోనా కాలంలో, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పాతబస్తీలో పోలీసులు ఆపి, మాస్కు తీయుమని ఫోటో తీసినారు. తన ముఖాన్ని ఏ చట్టం ప్రకారం తీసికొన్నారో చెప్పుమని, యంత్రంతో ముఖాలను గుర్తించే పద్ధతిని ప్రశ్నిస్తూ ఆయన తెలంగాణ ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించినాడు. 2022 జనవరిలో న్యాయస్థానం ప్రభుత్వానికి నోటీసు ఇచ్చినది. ఆయన తన ముఖం తనదని అడిగినాడు. రేపు మాస్కు తీయుమని అడుగవలసిన అవసరం కూడా లేకుండా, నడక నుంచే గుర్తు పట్టే రోజు వస్తే ఆ ప్రశ్నే మరింత తీవ్రమవుతుంది. ఫోటో తీస్తున్నారని మసూద్‌కు తెలిసినది కనుకనే ఆయన ప్రశ్నింపగలిగినాడు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సర్వోన్నత న్యాయస్థానం తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. ఆ హక్కుకు ప్రభుత్వం పరిమితి విధింపవలెనంటే దానికి చట్టం ఉండవలెను, న్యాయమైన అవసరం ఉండవలెను, చర్య ఆ అవసరానికి మించి ఉండరాదు. నడకను తీసే ప్రతి కెమెరానూ ఈ మూడు ప్రశ్నలు అడుగవచ్చును. ఎందుకు తీస్తున్నారు? ఏ చట్టం క్రింద? ఎన్నాళ్ళు ఉంచుతారు? ఇవి దొంగలు వేసే ప్రశ్నలు కావు. పౌరులు వేయవలసిన ప్రశ్నలు.

విద్యార్థులకు ఒక మాట

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ వ్యాసం చదివి కెమెరా చెడ్డదని గాని, యంత్రం మంచిదని గాని నిర్ణయించుకొనకండి. ఒక చిన్న పరీక్ష మీరే చేసి చూడండి. మీ స్నేహితులు ఐదారుగురిని ఒప్పించి, ముఖానికి తువ్వాలు చుట్టి, వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించి ఫోనుతో వీడియో తీయండి. ఎవరెవరో మిగిలినవారిని వ్రాయుమనండి. తరువాత అదే మనుష్యులకు భుజానికి బరువు సంచి తగిలించి, చెప్పులు మార్పించి, మళ్ళీ నడిపించండి. మొదటి జాబితానూ రెండవ జాబితానూ పోల్చండి. పరీక్ష ముగియగానే ఆ వీడియోను వారి ఎదుటనే తుడిచివేయండి. అదీ పాఠంలో భాగమే. మీరు తప్పు చెప్పిన ప్రతి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇది నిజమైన దొంగతనమై ఉంటే ఈ మనిషి గతి ఏమయ్యేదో ఆలోచించండి.

మీ చేతికి ఎవరిదైనా నడక వీడియో వచ్చినపుడు, "ఇది ఫలానా వానిది వలె ఉన్నది" అనుటకూ "ఇది ఫలానా వానిదే" అనుటకూ మధ్య ఉన్న దూరాన్ని మరువకండి. తెలుగులో ఆ దూరం ఒక్క 'ఏ'కారం మాత్రమే. ఆ ఒక్క అక్షరం ఒక అబ్బాయిని రెండు రోజులు ఇంటికి దూరం చేసినది. విరాటపర్వంలోని సైనికులు అడుగును చూచి అనుమానపడినారు. శంఖధ్వని విన్నపుడు ద్రోణుడు రూఢిగా చెప్పినాడు. నడక దర్యాప్తుకు దారి చూపవచ్చును. నిర్ధారణకు రెండవ సాక్ష్యం రావలెను.

మా విద్యార్థి ప్రశ్నకు ఆనాడు మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయినాము. తరువాత చెప్పినాము: "నాయనా, దొంగ నడక అని ఒక నడక లేదు. దెబ్బ తగిలిన కాలు నడిచే నడక ఒకటి ఉన్నది. అది నీకూ ఉన్నది, ఆ రాత్రి వచ్చినవానికీ ఉన్నది, ఈ జిల్లాలో ఇంకా ఎందరికో ఉన్నది." అతడు తల ఊపినాడు. అయినా ఆ దుకాణం ముందుకు వచ్చేసరికి ఇప్పటికీ నడకను సరిచేసుకొన చూస్తాడు. మోకాలు ఎప్పుడో మానినది. వీథివారి మాట తగిలిన చోటు ఇంకా మానలేదు.